బండి ఎవరి పేరున ఉంది

ఆయనకు మాటలు చాలా వచ్చు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆవిడకు గుర్తుండిపోయినవి మాత్రం రెండే: "ఏం కాదు", "నేను చూసుకుంటాను". మొదటి మాట అన్నప్పుడల్లా ఏదో ఒకటి అయ్యేది. రెండో మాట అన్నప్పుడల్లా ఆవిడ చూసుకునేది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన నీటి మీటర్ల ఇన్‌స్పెక్టరు. దరఖాస్తులో ఒక్క సంతకం తక్కువైతే కుళాయి కట్టేయించిన మనిషి. ఒక ముసలాయన ఫారంలో పుట్టిన తేదీ గడిలో పెళ్ళి తేదీ వేశాడని పదకొండు రోజులు ఆ ముసలాయన చేత పక్కింటి నుంచి బకెట్లు మోయించాడు. "రూలంటే రూలే" అని ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ గర్వంగా చెప్పుకునేవాడు. అలాంటి మనిషి రిటైరయి, ఏడు మీటర్ల పొడవున్న ఇల్లుబండి కొని, నెత్తిన నీలం టోపీ పెట్టుకుని, కాగితాలు పిరికివాళ్ళకని ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టాడు.

ఇల్లుబండి అంటే మోటార్‌హోమే. ఆవిడ పెట్టుకున్న పేరది. ముందు స్టీరింగు, వెనక మంచాలు, మధ్యలో రెండు పొయ్యిల వంటగట్టు, కాళ్ళు మడిస్తే మంచమయ్యే భోజనాల బల్ల, కూర్చుంటే మోకాళ్ళు తలుపుకు తగిలే మరుగుదొడ్డి. కొన్న రోజున, ఆడవాళ్ళ పేరున అయితే రిజిస్ట్రేషనులో రాయితీ ఉందని ఎవరో చెబితే, ఆవిడను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళాడు. "ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ" అని మూడు చోట్ల వేలు పెట్టి సంతకాలు చేయించాడు. ఏముందో చదువుదామని ఆవిడ కళ్ళజోడు తీసేలోపే కాగితం లాగేసుకున్నాడు.

"పేరు నీది, బండి నాది" అన్నాడు నవ్వుతూ. కౌంటరు వెనక గుమస్తా కూడా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అది ఎవరూ గమనించలేదు.

తర్వాత ఏడాదిపాటు విదేశాలు తిరిగి రావాలన్నాడు. తోడుగా తమ్ముణ్ణి రమ్మన్నాడు. మరిదికి నలభై తొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో అతనితో ఒక పూట గడిపినవాళ్ళెవరూ అడగరు. లోకంలో ప్రతి దాని గురించీ అతను ఒక వీడియో చూసి ఉంటాడు, ప్రతి వీడియో సగమే చూసి ఉంటాడు.

ఆవిడ చదువుకున్నది డిగ్రీ వరకే అయినా, చేతిలో పడ్డ కాగితాన్ని చివరి గీత దాకా చదివే అలవాటు మాత్రం కాలేజీతో పోలేదు. నాలుగు రోజులు కూర్చుని ఒక జాబితా రాసింది. బండి ఫిట్‌నెస్ పరీక్ష గడువు ప్రయాణం మధ్యలో తీరిపోతుంది, సొంత దేశంలో తప్ప ఇంకెక్కడా చేయరు, కాబట్టి ముందే చేయించాలి. ఇన్సూరెన్స్ బయటి దేశాల్లో తొంభై రోజులే పనిచేస్తుంది, మిగతా రోజులకు విడిగా రాయించాలి. బండిని ఒక్కో దేశం ఇన్ని నెలలని మాత్రమే ఉండనిస్తుంది, అది దాటితే దిగుమతి చేసుకున్నట్టే లెక్క. గ్యాసు గొట్టం మీద తేదీ చూసుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు తిరిగొచ్చేవరకూ చెల్లాలి.

జాబితా విని మరిది పగలబడి నవ్వాడు. "వదినా, ఇవన్నీ చూసుకుంటూ కూర్చుంటే కొలంబసు ఇంట్లోనే ఉండేవాడు."

"ఆయనకి ఇంట్లో వదిన లేదులే" అంది ఆవిడ.

ఆయన జాబితా అందుకుని, చెయ్యి బారుగా చాచి దూరంగా పట్టుకుని, రెండు క్షణాలు చూసి తిరిగి ఇచ్చేశాడు. "నీ చాదస్తం నీది. ఏమేం కావాలో చేయించుకో. లైసెన్సు జోలికి మాత్రం రాకు. అది నా సొంత వ్యవహారం, నేను చూసుకుంటాను."

ఆవిడ అన్నీ చేయించింది. ఒక్కొక్కటి అవగానే పక్కన టిక్కు పెట్టింది. లైసెన్సు ఎదురుగా మాత్రం ఖాళీగా వదిలేసింది.

బయల్దేరే ముందు ఆవిడ పెట్టిన షరతు ఒకటే ఒకటి. చెల్లెలు ఒక బళ్ళో సైన్సు టీచరు, ఒంటరి మనిషి. వెన్నుపూసకు ఆపరేషను చేయాలన్నారు, తేదీ కోసం వరుసలో ఉంది. తేదీ ఎప్పుడొస్తే అప్పుడు తను విమానం ఎక్కి వెళ్ళిపోవాలి. ఆపరేషను తర్వాత ఆరు వారాలు పక్క మీదినుంచి లేవకూడదు, పక్కన మనిషి ఉండి తీరాలి. మూడేళ్ళ క్రితం ఆవిడకు గర్భసంచి తీసేసినప్పుడు ఆ చెల్లెలే ఇరవై రోజులు సెలవు పెట్టి వచ్చి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి, మంచం పక్కనే నేల మీద పడుకుంది. ఆ ఇరవై రోజుల్లో మూడు రోజులు ఈయన మోటార్‌హోమ్‌ల ప్రదర్శనకు వెళ్ళి, ఆవిడ కోసం ఒక తాళంచెవుల గొలుసు తెచ్చాడు. తాళం పెట్టుకోవడానికి అప్పటికింకా బండి లేదు.

"దానికేం, దగ్గరుండి విమానం ఎక్కిస్తాను. నేను చూసుకుంటాను" అన్నాడాయన.

సరిహద్దు దగ్గర జరిగింది ఆవిడకు బాగా గుర్తు. కిటికీలోంచి అధికారి, "బండి ఎవరిది?" అని అడిగింది. "నాది" అన్నాడాయన, టోపీ సర్దుకుంటూ. ఆ అమ్మాయి కాగితాలు తిరగేసి, ఆయన మొహం చూసి, మళ్ళీ కాగితం చూసి, "ఇందులో ఉన్న పేరు ఆడమనిషిది" అంది. అప్పటికి ఆవిడ వెనకాల, గతుకులకు ఊడిపోయిన గిన్నెల అలమర తలుపును భుజంతో ఆపి నిలబడి ఉంది. చేతిలో ఉల్లిపాయల బుట్ట. అలాగే కిందికి దిగమన్నారు. ఆవిడ పాస్‌పోర్టులో ముద్ర కొట్టి, ముద్ర పక్కన బండి నంబరు చేత్తో రాశారు.

"మీరూ బండీ కలిసి వచ్చారు. కలిసే వెళ్ళాలి. ఆరు నెలలు గడువు. అర్థమైందా?" అని ఆ అమ్మాయి ఆవిడ కళ్ళలోకి చూసి అడిగింది.

"ఏదో ఫార్మాలిటీ" అన్నాడు ఆయన, బండి కదిలాక. "అక్షరాలు చీమల్లా రాస్తారు వెధవలు."

ఆవిడకు అర్థమైంది. చెల్లెలి సంగతి అప్పుడే మనసులో మెదిలింది కూడా. అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు కాబట్టి అడగలేదు. అలా అడగకపోవడమే తన తప్పని ఆవిడ తర్వాత ఒప్పుకుంది, అదీ తనతో తనే.

నాలుగు నెలలు గడిచాయి. తిరిగింది మగవాళ్ళు, సంసారం నడిపింది ఆవిడ అనాలి. చుట్టూ ముప్పై నలభై బళ్ళు ఆగే క్యాంపుల్లో ఆయన కుర్చీ వేసుకుని టోపీతో కూర్చునేవాడు. పక్క బళ్ళవాళ్ళు 'కెప్టెన్' అని పిలవడం మొదలుపెట్టారు. ఎగతాళి అని ఆవిడకు తెలుసు, బిరుదు అని ఆయనకు తెలుసు. కెప్టెన్ కుర్చీలో ఉండగా ఆవిడ చక్రాల కింద దిమ్మలు పెట్టేది, కరెంటు తీగ లాగేది, నీళ్ళు నింపేది, మరుగుదొడ్డి కింది పెట్టె లాక్కెళ్ళి పారబోసి కడుక్కొచ్చేది. మరిది ఇదంతా వీడియో తీసి, 'స్వేచ్ఛా జీవితం' అని పేరు పెట్టేవాడు. వీడియోలో పెట్టె కనపడేది, పెట్టె మోసే మనిషి మోచేతి వరకే కనపడేది.

దారి పొడవునా ఆవిడ పక్క సీట్లో కూర్చుని బోర్డులు చదివేది. "ఎడమకి రెండు కిలోమీటర్లు. ముందు వంతెన ఎత్తు మూడు మీటర్లు. అదిగో, వన్‌వే."

"ఒకటే నస. నాకు కనపడదా?" అనేవాడు కెప్టెన్. ఆ రోజు ఆవిడ మాట్లాడకపోతే మాత్రం, "ఏంటి మూతి ముడుచుకున్నావు? ఏదైనా మాట్లాడు" అనేవాడు.

చెల్లెలు ఒక మంగళవారం ఉదయం ఫోను చేసింది. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ఉంది.

"అక్కా, తేదీ ఇచ్చారు. వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం. ముందు శనివారమే చేర్చుకుంటారట. నీకు కుదరకపోతే చెప్పు, మా స్కూలు ఆయాని అడుగుతా. మంచిదే పాపం, కాకపోతే మోకాళ్ళు నొప్పులు."

"ఆయా నిన్ను లేపుతుందా, నువ్వు ఆయాని లేపుతావా? నేను వస్తున్నా" అంది ఆవిడ.

"బావగారు ఏమంటారో?"

"ఎప్పుడూ అనేదే అంటారు."

అవతల చెల్లెలు నవ్వబోయి, నడుం పట్టేసి, అమ్మా అంది. ఆ శబ్దం ఆవిడ చెవిలో ఉండిపోయింది.

ఆ వారం శనివారానికే టిక్కెట్టు ఉందని తేలింది. కొనే ముందు పాస్‌పోర్టు తెరిచి ముద్ర మళ్ళీ చదివింది. బుధవారం బస్సెక్కి, ఒక్కతే ఊళ్ళోని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్ళింది.

అది పొడవాటి గది. గోడకు మూడు గడియారాలు, మూడూ ఒకే వేళ చూపిస్తున్నాయి. కౌంటరు వెనక ఒక పెద్దాయన, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, రబ్బరు ముద్రలు వరుసగా సర్దుకుంటున్నాడు. ఆవిడ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఇంట్లో తన మాట ఎవరైనా అలా విని ఎన్నేళ్ళయిందో ఆవిడకు గుర్తు రాలేదు.

"బండిని వదిలి మీరొక్కరే వెళ్తే విమానాశ్రయంలో ఆపేస్తారమ్మా. దారులు మూడున్నాయి" అన్నాడు. "ఒకటి, బండితో సహా సరిహద్దు దాటడం. రెండు, అనుమతిని ఇంకొకరి పేరుకు మార్చడం. ఆయన మీతో ఇక్కడికి రావాలి, ఆ బండి నడిపే లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. పావుగంట పని. మూడు, బండిని మా యార్డులో పెట్టి సీలు వేయించుకోవడం. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు గడువు ఆగిపోతుంది, మూడు నెలల వరకూ ఉంచుకుంటాం. యార్డు శుక్రవారం నాలుగు వరకే. శని, ఆది సెలవు."

"రెండోదే చేద్దామండి" అంది ఆవిడ. "మా ఆయన పేరున. ఆయన నడుపుతారు."

"అయితే రేపు తీసుకురండి" అన్నాడు పెద్దాయన. ముందుచూపుతో మూడో దారి ఫారం కూడా ఒకటి చేతిలో పెట్టాడు. కౌంటరు దగ్గర పనిచేసేవాళ్ళకు మొగుళ్ళ సంగతి తెలుస్తుందేమో.

గురువారం పొద్దున టీ ఇచ్చి సంగతి చెప్పింది. బండి ఆయనకే ఉంటుంది, ప్రయాణం ఆగదు, ఒక్క పావుగంట వచ్చి సంతకం పెట్టి రావాలి. ఇంత చక్కటి బేరాన్ని ఏ మనిషైనా కాదంటాడని ఆవిడ అనుకోలేదు.

"నేను రాను" అన్నాడు కెప్టెన్.

"ఎందుకని?"

"నడుం నొప్పి."

"బస్సు ఇక్కడే ఆగుతుంది. కూర్చునే వెళ్దాం."

"లైన్లో నిలబడమంటావా నన్ను? ముప్పై మూడేళ్ళు లైన్లో జనాన్ని నిలబెట్టినవాణ్ణి."

"లైను లేదండీ. అక్కడ ఈగ కూడా లేదు."

"అసలెందుకు? టిక్కెట్టు కొనుక్కో, ఎక్కు. ఏం కాదు. ఎవడు చూస్తాడు?"

"అవును వదినా" అన్నాడు మరిది, బల్లమంచం మీంచి లేవకుండానే. "ఎయిర్‌పోర్టులో అవన్నీ చూడరు. నేను వీడియో చూశా."

"వీడియోలో వాడు విమానం ఎక్కాడా?"

మరిది ఆలోచించాడు. "అక్కడిదాకా చూళ్ళేదు."

ఆవిడ ఆయన వైపే చూస్తోంది. నడుం అన్నాడు, లైను అన్నాడు, ఎవడు చూస్తాడన్నాడు. పావుగంట పనికి మూడు సాకులు. మీటర్ల ఆఫీసులో ఇలా మూడు సాకులు చెప్పినవాడి దగ్గర ఏదో కాగితం లేనట్టేనని ఆయనే అనేవాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని, ముందు సీట్లోకి వెళ్ళి, స్టీరింగు పక్కనున్న చిన్న అర తెరిచింది.

"దాని జోలికి రావద్దన్నానా!" కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. నడుం ఏమైందో మరి.

లైసెన్సు ప్లాస్టిక్ తొడుగులో ఉంది. మీసాలున్నప్పటి ఫొటో. గడువు ఆయనకు అరవై ఐదు నిండిన రోజుతోనే తీరిపోయింది. ఆ పుట్టినరోజు జరిగి రెండు నెలలైంది, క్యాంపులో అందరికీ ఆవిడ చేతే టీ ఇప్పించాడు. వెనకవైపు చిన్న అక్షరాల్లో రాసి ఉంది: అరవై ఐదు దాటాక కంటి డాక్టరు ధ్రువపత్రం ఉంటేనే పొడిగింపు.

ఆవిడ దాన్ని ఆయన చేతికిచ్చింది. ఆయన చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. ఇంకా దూరంగా పట్టుకున్నాడు. చెయ్యి అంతకన్నా పొడవు లేదు.

"అచ్చుతప్పు" అన్నాడు.

అప్పుడు ఆవిడకు అన్నీ వరుసగా కనపడ్డాయి. బారుగా చాచి పట్టుకున్న జాబితా, సరిహద్దులో చీమల్లాంటి అక్షరాలు, నస నస అంటూనే మాట్లాడమని బతిమాలిన రోజులు. దగ్గరి అక్షరాలే కాదు, దూరపు బోర్డులూ ఆయన కంటికి ఆనవు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఈ మనిషి ఏడు మీటర్ల బండిని ఇన్ని వేల కిలోమీటర్లు తోలాడు. కళ్ళు ఆవిడవి, పొగరు ఆయనది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆ గోడ మీది అక్షరాలు చదవలేనని ఒప్పుకోవడం నామోషీ. ఆ నామోషీ కోసం దారిలో ఎదురొచ్చిన ప్రతి మనిషి ప్రాణాన్నీ పణం పెట్టాడు. ఒక కాగితం మీద తేదీ తప్పు పడిందని ముసలాయన చేత బకెట్లు మోయించినవాడు!

"ఎందుకు చెప్పలేదు?" అంది.

"చెబితే రానిచ్చేదానివా?"

కనీసం ఆ మాట నిజం. ఆవిడ దాన్ని ఒప్పుకున్నట్టు తలూపింది. ఆయన దాన్ని రాజీ అనుకుని గొంతు మెత్తగా చేశాడు.

"చూడూ, ఇప్పుడు ఆ ఆఫీసుకు వెళ్తే బండి లాగేసుకుంటారు, పరువు పోతుంది. ఆపరేషన్‌దేముంది? ఆస్పత్రిలో నర్సులు లేరా? మీ చెల్లెలేం చంటిపిల్లా? రెండు నెలలు వాయిదా వేసుకోమను. ఇన్నాళ్ళు ఆగిన నడుం ఇంకో రెండు నెలలు ఆగదా?"

మనిషిని అసహ్యించుకోవడం ఇంత ప్రశాంతంగా ఉంటుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. కోపం వస్తే గొంతు లేస్తుంది, గిన్నెలు మోగుతాయి. ఇప్పుడు అవేవీ లేవు. తరిగిన ఉల్లిపాయల మీద మూత పెట్టి, బల్ల తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని, మూడో దారి ఫారం తీసింది.

"ఏంటది?" అన్నాడు కెప్టెన్.

"చదవండి" అంది.

ఆయన చదవలేదు. మరిది లేచి వచ్చి ఆవిడ భుజం మీంచి చదివాడు. "వదినా, ఆగండాగండి. బండికి సీలు వేయిస్తారా? మరి మేమెక్కడ ఉండాలి? నా పేరుకు మార్పించండి, నేను నడుపుతా. నాకు లైసెన్సుంది."

"చూపించు."

పర్సులోంచి ఉత్సాహంగా తీసిచ్చాడు. ఆవిడ చూసి వెనక్కిచ్చింది. "ఇది స్కూటరుది బాబూ."

"స్కూటరు నడిపినవాడు ఏదైనా నడుపుతాడు వదినా. రెండు చక్రాల మీదే నిలబెట్టగలిగినవాడికి నాలుగు చక్రాలెంత?"

"ఆ మాట ఆఫీసులో పెద్దాయనతో అను. పాపం పొద్దస్తమానం ముద్రలు కొట్టుకుంటూ ఉంటాడు, కాస్త నవ్వుకుంటాడు."

కెప్టెన్ వంటగట్టు మీద చరిచాడు. "నేను ఒప్పుకోను! నేను సంతకం పెట్టను!"

ఆవిడ కలం మూత తీసింది. "మీ సంతకం ఎవరడిగారు?"

ఫారం నింపి సంతకాలు పెట్టింది. రిజిస్ట్రేషను ఆఫీసులో చేసిన సంతకాలు గబగబా పడి గొలుసుకట్టుగా వచ్చాయి. ఇవి నిదానంగా, ఒక్కో అక్షరం విడివిడిగా పడ్డాయి. అది రాస్తుండగానే ఆస్పత్రి, విమానం, తేదీ అన్నీ ఆవిడ మనసులో కుదురుకున్నాయి.

తనకు డ్రైవింగ్ రాదని, నడిపేవాళ్ళు ఇంకెవరూ లేరని ఫోను చేసి చెబితే యార్డువాళ్ళే లాగే లారీ పంపుతామన్నారు. శుక్రవారం తొమ్మిదికల్లా వచ్చింది. ఆవిడ అప్పటికే ఫ్రిజ్ ఖాళీ చేసి, గ్యాసు కట్టి, నీళ్ళు వదిలేసి, మరుగుదొడ్డి పెట్టె ఆఖరిసారి కడిగింది. మగవాళ్ళ బట్టలు ఇస్త్రీ మడతలు చెడకుండా రెండు సంచుల్లో సర్ది, మడత కుర్చీ పక్కన పెట్టింది. మందులు పై జేబులో ఉన్నాయని చీటీ రాసి గుచ్చింది. చీటీ మీద అక్షరాలు పెద్దవిగా వేసింది.

లారీ మీంచి దిగినావిడ బూట్లు, చేతి తొడుగులు వేసుకున్న బలమైన మనిషి. కెప్టెన్ టోపీ సర్దుకుని ఎదురెళ్ళాడు. "చూడమ్మా, ఇందులో ఏదో పొరపాటు జరిగింది. బండి నాది."

ఆమె చేతిలో కాగితం చూసుకుంది. ఆయన మొహం చూసింది. "యజమాని ఎవరు?" అంది ఆయన భుజం మీంచి వెనక్కి చూస్తూ.

"నేను" అంది ఆవిడ. ఈసారి చేతిలో ఉల్లిపాయల బుట్ట లేదు.

పక్క బళ్ళవాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకుని చూస్తున్నారు. లారీ గొలుసు బిగుస్తుంటే మరిది అలవాటుకొద్దీ ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టాడు.

"ఆపరా!" అని అరిచాడు కెప్టెన్.

యార్డు ఊరి చివర, ఎత్తు గోడల మధ్య సిమెంటు నేల. ఆవిడ లారీలో ముందు సీట్లో కూర్చుని వచ్చింది. మగవాళ్ళిద్దరూ సంచులతో బస్సులో వచ్చారు, అరగంట ఆలస్యంగా, తప్పు స్టాపులో దిగి. బస్సు బోర్డు చదివింది ఎవరో ఆవిడ అడగలేదు.

ముద్రల పెద్దాయనే సీలు వేయడానికి వచ్చాడు. తలుపులకు తీగ చుట్టి, సీసపు బిళ్ళ నొక్కుతూ, ఫారంలో ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాడు. గ్యాసు కట్టారా? కట్టాను. బ్యాటరీ తీశారా? తీశాను.

"లోపల పాడైపోయేవి ఏమైనా ఉన్నాయా?"

"లేవండి. ఇద్దర్నీ దించేశాను."

పెద్దాయన ఫారంలోంచి తల ఎత్తలేదు. కళ్ళజోడు మాత్రం ఇంకొంచెం కిందికి జారింది.

"మళ్ళీ తీసుకోవాలంటే?" అన్నాడు కెప్టెన్ గొంతు పెంచి, పెద్దాయనతో.

"యజమాని స్వయంగా రావాలి. మూడు నెలల్లో."

కెప్టెన్ పెళ్ళాం వైపు తిరిగాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. టోపీ లేకపోతే ఆయన మామూలు ముసలాయన. బకెట్లు మోయగల వయసు కాదు. ఆ ఒక్క క్షణం ఆవిడకు కొంచెం జాలి వేసింది. వేసిందని తెలియగానే చిరాకు కూడా వేసింది.

"వస్తావుగా?" అన్నాడు.

"చెల్లి లేచి నడిచాక ఆలోచిస్తాను."

"అంతవరకూ మేం?"

"క్యాంపులో గుడారం అద్దెకిస్తారు. ఇంటికి పోదామంటే రైళ్ళున్నాయి. ఇదిగో, ఇది ఈ ఊళ్ళో కంటి డాక్టరు అడ్రసు. ఆఫీసు పెద్దాయన్ని అడిగి రాసుకున్నా. పొద్దున ఎనిమిదికి తెరుస్తాడు. శనివారం కూడా ఉంటాడు." చీటీ చేతికిచ్చింది. ఆయన చెయ్యి చాచి దూరంగా పట్టుకోబోయి, అందరూ చూస్తున్నారని గుర్తొచ్చి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం కాదు అన్నయ్యా" అన్నాడు మరిది పక్కనుంచి, ఓదార్పుగా.

"నోరు ముయ్యి" అన్నాడు కెప్టెన్.

శనివారం విమానాశ్రయంలో కిటికీ వెనక కుర్రాడు పాస్‌పోర్టు తిరగేస్తూ, బండి నంబరున్న పేజీ దగ్గర ఆగాడు. మొహం ఎత్తాడు. ఆవిడ యార్డు రసీదు కిటికీ కిందనుంచి జరిపింది. అతను రెండూ పక్కపక్కన పెట్టి, నంబరులో ప్రతి అంకె మీదా వేలు పెట్టి సరిచూశాడు. ఎయిర్‌పోర్టులో చూడరట. నంబరు మీద అడ్డగీత కొట్టి, ముద్ర వేసి, వెళ్ళమన్నాడు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం చెల్లెలు ఆస్పత్రి మంచం మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది. జడ ఆవిడే వేసింది, వదులుగా, మెడ కింద ముడి పడకుండా.

"బండేం చేశావక్కా?"

"లోపల పెట్టించా."

"మరి బావగారు?"

"బయట ఉన్నారు."

చెల్లెలికి నవ్వొచ్చింది. నడుం పట్టుకుని, "నవ్వించకే, ప్రాణం పోతోంది" అంది.

నర్సు ఫారాలు తెచ్చింది. ఆపరేషనుకు ఒప్పుకుంటూ రోగి తాలూకు మనిషి సంతకం పెట్టాలి. కలం ఇచ్చి, "ఇక్కడమ్మా, ఇక్కడ, చివర్లో ఇక్కడ" అని మూడు చోట్ల వేలు పెట్టి చూపించింది.

"ఒక్క నిమిషం" అని ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. నర్సు బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది. ఆవిడ నాలుగు పేజీలూ చదివి, రెండో పేజీలో తప్పు పడ్డ చెల్లెలి వయసు దిద్దించి, అప్పుడు సంతకం పెట్టింది.